ముందు పాత ఆటగాడికి చెప్పండి

వీడియో గేమ్‌కి రెండో భాగం తయారవుతోంది. దాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్లాలి? కోయంబత్తూరు, మదురైల్లోని పాత తెలుగు ఇళ్లలో కూర్చుని ఆలోచిస్తే ఈ లెక్క కాస్త వేరుగా తేలుతుంది.

2005లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ‘ఫార్ములా వన్ 05’ అనే గేమ్ తెచ్చింది. అందులో జోర్డాన్ జట్టు పసుపు కారు ఎంచుకుంటే తెర మీద నరైన్ కార్తికేయన్ పేరు కనిపించేది. కోయంబత్తూరులో పెరిగినవాడు, ఫార్ములా వన్‌లో కారు తోలిన మొదటి భారతీయుడు. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో టైర్ల గొడవతో ఎక్కువ జట్లు తప్పుకుని ఆరు కార్లే పరిగెత్తిన విచిత్రమైన రేసులో నాలుగో స్థానంలో వచ్చి అయిదు పాయింట్లు కూడా సంపాదించాడు. ఆ గేమ్ మటుకు అంతకు ముందు ఏడాది వచ్చిన దానికి కొనసాగింపే. ట్రాకులు దాదాపు అవే, కార్ల రంగులు కాస్త మారాయి, పేర్ల పట్టీ మారింది. అయినా ఒక ఊరి కుర్రాళ్లకి ఆ పట్టీలో మారిన ఒక్క పేరు చాలు, అది కొత్త ఆట. తర్వాత 2011, 2012 సంవత్సరాల్లో కోడ్‌మాస్టర్స్ కంపెనీ తెచ్చిన ఎఫ్1 గేముల్లో హెచ్‌ఆర్‌టీ జట్టు కారులోనూ అదే పేరు కనిపించింది.

సీక్వెల్ అమ్మకం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ట్రైలర్‌తో మొదలుపెడతారు. ఎన్ని కోట్ల మంది చూశారు, ఏ పాట పెట్టారు, ఏ హీరోని తెచ్చారు అంటూ. నాకు మాత్రం ఈ పేర్ల పట్టీ కబురే ముందు గుర్తొస్తుంది. మొదటి భాగం కొన్నప్పుడు మనిషి సరుకు కొంటాడు. రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి అతని దగ్గర అప్పటికే ఏదో ఉంటుంది: ఒక జ్ఞాపకం, ఒక సేవ్ ఫైల్, ఒక పేరు, ఒక పంతం. ఆ ఉన్నదాన్ని గుర్తించి మాట్లాడే కంపెనీ గెలుస్తుంది. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్న సామెత ఈ వ్యాపారంలో చెల్లదు. ఇక్కడ పాతే పెట్టుబడి.

ఈ రెండు ఊళ్ల తెలుగువాళ్ల గురించి నాలుగు మాటలు ముందే చెప్పుకోవాలి. విజయనగర సైన్యాల వెంట కొందరు, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల పాలనలో మరికొందరు, నల్లరేగడి నేల వెతుక్కుంటూ ఇంకొందరు కావేరికి దక్షిణంగా వచ్చి స్థిరపడ్డారు. కమ్మవారు, బలిజలు, రాజకంబళం నాయకులు, ఇరవై నాలుగు మనై తెలుగు చెట్టియార్లు, అరుంధతీయులు ఇలా ఎన్నో కులాల వాళ్లున్నారు. కోయంబత్తూరు వైపు పత్తి పండించినవాళ్లు తర్వాత పత్తి మిల్లులు పెట్టారు. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్‌కి పునాది వేశారు. 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థలు వెలిశాయి. ఊరు యంత్రాల ఊరైంది, పంపుసెట్ల ఊరైంది, రేసు కార్ల ఊరైంది. ఇంతా జరిగి అయిదువందల ఏళ్లు దగ్గరపడుతున్నా చాలా ఇళ్లలో వంటింటి భాష తెలుగే. బడి భాష, బజారు భాష, బోర్డుల భాష మాత్రం తమిళం. నాయనమ్మ తెలుగులో తిడుతుంది, మనవడు తమిళంలో రాసుకుంటాడు, ఫోన్‌లో ఇంగ్లీషులో టైప్ చేస్తాడు. గేమ్ అమ్మేవాడికి ఈ సంగతి ఎంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

జనమే తీసుకున్న రెండో భాగం

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ 2006లో ‘క్రికెట్ 07’ విడుదల చేసింది. ఆ తర్వాత ఆ సిరీస్‌లో మరో క్రికెట్ గేమ్ తీయలేదు. మన దేశంలో నెట్ సెంటర్ల కాలం అది. గంటకి ఇంత అని కట్టి ఆడిన తరం ఆ గేమ్‌ని వదల్లేదు. కంపెనీ తీయని సీక్వెల్‌ని జనమే తీసుకున్నారు. కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్ల ముఖాలు, ఐపీఎల్ జట్లు, కొత్త స్టేడియాలు అన్నీ ప్యాచ్‌ల రూపంలో ఎవరికి వాళ్లు తయారుచేసి పంచుకున్నారు. పదిహేనేళ్లు దాటాక కూడా ఆ ప్యాచ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. మార్కెటింగ్ పుస్తకాలు రాసేవాళ్లు ఈ ఉదాహరణని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. ఒక్క రూపాయి ప్రకటన లేకుండా ఒక ఆట అంతకాలం బతికిందంటే, దానికి రెండో భాగం వచ్చి ఉంటే ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో ఆ ప్యాచ్‌లే చెప్పేవి. జనం ఏం మార్చుకున్నారో చూస్తే ఏం లోటు ఉందో తెలుస్తుంది. ఏం మార్చకుండా ఉంచుకున్నారో చూస్తే ఏది ముట్టుకోకూడదో తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ మన కళ్ల ముందు జరిగింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. తర్వాతి ఏడాది మే 18న క్రాఫ్టన్ సంస్థ ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ కోసం ప్రీ-రిజిస్ట్రేషన్ తెరిచింది, జులై 2న గేమ్ విడుదలైంది. పేరుకి అది రెండో భాగం కాదు. కానీ అమ్మిన తీరు అచ్చంగా రెండో భాగానిదే. పాత పేరు వాడటానికి లేదు. కాబట్టి పాత ఆటగాడు చూడగానే పట్టేసే గుర్తుల్ని ఒక్కొక్కటిగా టీజర్లలో వదిలారు. తెలియనివాడికి అదొక సంచీ, తెలిసినవాడికి అది మూడో లెవెల్ బ్యాక్‌ప్యాక్. రెండు వారాల్లో రెండు కోట్ల ప్రీ-రిజిస్ట్రేషన్లు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. అయితే అసలు దెబ్బ టీజర్ కాదు. పాత ఖాతాలోని స్కిన్లు, కొన్న సామాను కొత్త గేమ్‌లోకి మార్చుకోవచ్చు అన్న ఒక్క మాట. నిషేధంతో పోయిందనుకున్న సొమ్ము తిరిగి చేతికొస్తుంటే ఎవడు ఆగుతాడు?

ఆ కిటుకు వాళ్లు కనిపెట్టింది కాదు. 2010లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్ 2’ మొదటి భాగంలోని సేవ్ ఫైల్‌ని లోపలికి తీసుకునేది. అక్కడ నువ్వు ఎవరిని బతికించావో, ఎవరిని వదిలేశావో ఇక్కడ గుర్తుంచుకునేది. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా 2023లో పాత గేమ్‌కి ఉచిత అప్‌డేట్‌గా వచ్చి, ఆటగాళ్ల స్కిన్లన్నింటినీ అలాగే ఉంచింది. కొందరి స్కిన్ల విలువ లక్షల్లో ఉంటుంది మరి.

దీనికి సరిగ్గా ఎదురుగా ‘ఓవర్‌వాచ్ 2’ కథ ఉంది. 2019లో ప్రకటించినప్పుడు కథతో సాగే పెద్ద భాగం ఉంటుందన్నారు. 2022 అక్టోబర్‌లో విడుదల చేస్తూ మొదటి ఓవర్‌వాచ్ సర్వర్లు మూసేశారు. డబ్బు పెట్టి కొన్న ఆట మాయం. 2023 మే నెలలో, ఆ కథ భాగంలో చెప్పిన ముఖ్యమైనవి రావని తేల్చారు. ఆ ఆగస్టులో గేమ్ ‘స్టీమ్’ అనే ఆన్‌లైన్ దుకాణంలోకి రాగానే ఆటగాళ్లు తమ కసంతా రివ్యూల్లో తీర్చుకున్నారు. స్టీమ్‌లో అతి తక్కువ ఆదరణ ఉన్న గేముల్లో ఒకటిగా పేరు మోసింది. కొండంత రాగం తీసి గోరంత పాట పాడటం ఒక తప్పయితే, వినేవాడి పాత రికార్డు లాక్కుని మరీ పాడటం ఇంకో తప్పు.

చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ మల్టీమీడియా ఆ రెండో తప్పు చేయలేదు. వాళ్ల ‘వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ 2’ 2015లో వచ్చింది. మూడోది 2020లో వచ్చినా రెండోదాన్ని దుకాణం నుంచి తీసేయలేదు. పాత ఫోన్ ఉన్నవాడు పాతదే ఆడుకోవచ్చు. కొత్త ఫోన్ కొన్నరోజు అతను ఎవరి దగ్గరికి వెళ్తాడో ఊహించడం కష్టం కాదు.

ఏది దాచాలి, ఏది చెప్పాలి

ట్రైలర్ దగ్గర పెద్ద తగువు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కథంతా చూపించేస్తే గేమ్ ఎవరు కొంటారు అని ఒకరంటారు. ఏమీ చూపించకపోతే ఎవరు నమ్ముతారు అని ఇంకొకరు. మన సినిమాలు ఈ రెండు దార్లలోనూ నడిచాయి.

1963 మార్చి 29న ‘లవకుశ’ విడుదలైంది. రామాయణానికి అది ఉత్తర భాగం, అంటే తెలుగువాళ్లకి అన్నిటికన్నా పాత సీక్వెల్. కథ ప్రతి ఒక్కరికీ తెలుసు. సీత ఏమవుతుందో, పిల్లలు ఎవరితో తలపడతారో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైగా 1958 ప్రాంతంలో మొదలై డబ్బులేక ఆగి, దర్శకుడు సి. పుల్లయ్య అనారోగ్యం పాలైతే కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేసిన సినిమా. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. తెలిసిన కథని రంగుల్లో చూడటానికి, ఘంటసాల సంగీతంలో వినడానికి జనం బళ్లు కట్టుకుని వచ్చారు. తమిళంలోనూ తీశారు. అది మదురైలో నెలల తరబడి ఆడింది. ఆ హాల్లో కూర్చున్న ఎన్ని తెలుగు కుటుంబాలు తమిళ పాటలు వింటూ ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకున్నాయో!

రెండో దారి బాహుబలిది. 2015 జులై 10న మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండోది. మధ్యలో ఉన్న ఇరవై ఒక్క నెలలూ దేశమంతా ఒక్క ప్రశ్న మీద బతికింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? పోస్టర్ల ఖర్చు కన్నా ఆ ప్రశ్న చేసిన పని ఎక్కువ. ఆ కట్టప్ప వేషం వేసిన సత్యరాజ్ కోయంబత్తూరు మనిషే అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ సినిమా పేరుతో మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 2017లో ఒక మొబైల్ గేమ్ కూడా తెచ్చింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్ అమ్మేవాడికి ఒక తేడా తెలియాలి. బాహుబలి ప్రశ్న పనిచేసింది మొదటి భాగం చివర్లో దాన్ని వదిలారు కాబట్టి. విడుదలకి మూడు నెలల ముందు ప్రచార విభాగం కూర్చుని అలాంటి ప్రశ్న పుట్టించలేదు. మొదటి గేమ్ ఆఖరి సన్నివేశం రాసే రోజునే రెండో గేమ్ ప్రచారం మొదలవుతుంది. అక్కడ ప్రశ్న వదలకపోతే లవకుశ దారి పట్టాలి: కథ కాదు, ఆడేటప్పుడు ఎలా ఉంటుందో చూపించు. గేముల్లో ఎక్కువ భాగం ఈ రెండో కోవలోనివే. క్రికెట్ గేమ్‌లో దాచడానికి ఏముంది? బంతి ఎలా తిరుగుతోందో చూపించాలి అంతే.

అందుకే నాకు ట్రైలర్ కన్నా డెమో మీద గురి. స్టీమ్ దుకాణం ఏడాదికి మూడుసార్లు ‘నెక్స్ట్ ఫెస్ట్’ పేరుతో రాబోయే గేముల డెమోల సంత నడుపుతుంది. ఒక గేమ్ ఒక్కసారే అందులో పాల్గొనాలి. కాబట్టి ఎప్పుడు దిగాలన్నది పెద్ద నిర్ణయం. డెమో నచ్చినవాడు విష్‌లిస్ట్ మీట నొక్కుతాడు, విడుదల రోజున అతనికి మెయిల్ వెళ్తుంది. ఫోన్ గేములకి ప్లే స్టోర్ ప్రీ-రిజిస్ట్రేషన్ అదే పని చేస్తుంది. ప్రకటన చూసిన కోటి మంది కన్నా, నొక్కిన లక్ష మంది మీదనే కంపెనీలు లెక్క కడతాయి. చిన్న కంపెనీకైతే బతుకంతా ఆ లెక్కే.

చెవికి తెలుగు, కంటికి తమిళం

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇప్పుడు.

‘ప్రాంతీయ భాషల్లో విడుదల చేస్తున్నాం’ అని గేమ్ కంపెనీలు చెప్పేటప్పుడు వాళ్ల మనసులో ఒక మ్యాపు ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ: తెలుగు. చెన్నై, కోయంబత్తూరు, మదురై: తమిళం. ఫోన్ ఏ ఊళ్లో ఉందో చూసి ఆ భాష ప్రకటన వేస్తారు. ఈ మ్యాపులో కోయంబత్తూరులోని పీలమేడు తెలుగు ఇల్లు లేదు. మదురై చుట్టుపక్కల పల్లెల్లోని నాయకర్ ఇల్లూ లేదు. అక్కడి కుర్రాడికి తెలుగు అక్షరాలతో ప్రకటన పంపితే చదవలేడు. తమిళంలో పంపితే చదువుతాడు, అందరిలాగే స్క్రోల్ చేసి పోతాడు. కానీ అదే ప్రకటనలో వ్యాఖ్యాత తెలుగులో ‘కొట్టాడు!’ అని అరిస్తే? తల తిప్పుతాడు. పక్క గదిలోంచి అమ్మమ్మ కూడా తల తిప్పుతుంది.

భాషని మనం ఎప్పుడూ ఒకే ముక్కగా చూస్తాం, గేమ్ తయారుచేసేవాళ్లకి మాత్రం అది రెండు ముక్కలు: వినిపించేది, చదివించేది. తెర మీది రాత ఒక ఫైల్, గొంతు ఇంకో ఫైల్. సాంకేతికంగా రెండూ విడివిడిగానే ఉంటాయి. కానీ చాలా గేముల్లో సెట్టింగ్స్‌లో ‘భాష’ అని ఒకే మీట పెడతారు. అది నొక్కితే గొంతు, రాత రెండూ కలిసి మారతాయి. కోయంబత్తూరు తెలుగు ఇంటికి కావలసింది గొంతు తెలుగు, రాత తమిళం లేదా ఇంగ్లీషు. హోసూరులో, బెంగళూరులో, బరంపురంలో, ఖరగ్‌పూర్‌లో, అటు మారిషస్‌లో, అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల దగ్గరా కథ ఇంతే. వినడం వచ్చి చదవడం రానివాళ్లు లక్షల్లో ఉన్నారు. ఒక్క మీటని రెండు చేస్తే వాళ్లందరికీ తలుపు తెరిచినట్టే. గొంతు రికార్డింగ్ ఖర్చు ఎలాగూ ఆంధ్ర, తెలంగాణ మార్కెట్ కోసం పెడుతున్నదే, కొత్తగా పెట్టేదేమీ లేదు.

వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ 3 ఈ దారిలో ముందడుగు వేసింది. మాథ్యూ హేడెన్ ఇంగ్లీషు వ్యాఖ్యానంతో పాటు హిందీ, తమిళం, తెలుగు వంటి భాషల్లో వ్యాఖ్యానాలు పెట్టింది. మూడో భాగం ఎందుకు ఎక్కించుకోవాలి అన్న ప్రశ్నకి ఇంతకన్నా తేలికైన జవాబు ఉండదు. గ్రాఫిక్స్ బాగున్నాయని చెబితే నమ్మడానికి చూడాలి, భాష మారిందంటే ఒక్క బంతి వేసేలోపు తెలిసిపోతుంది. టీవీలో క్రికెట్‌కి తెలుగు వ్యాఖ్యానం వచ్చాక ఏం జరిగిందో మనకి తెలుసు. ఆటతో పాటు మాట కూడా వినోదమైంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ ఇళ్ల తెలుగు హైదరాబాద్ తెలుగు కాదు, గుంటూరు తెలుగూ కాదు. తమిళం బాగా కలిసింది, పాత మాటలు కొన్ని అలాగే నిలిచాయి. దాన్ని ఎగతాళి పాత్రకి వాడి నవ్వించబోతే మొదటికే మోసం. పేరున్న ఒక పాత్రకి, మెకానిక్‌కో కోచ్‌కో, ఆ యాసని మర్యాదగా ఇచ్చి చూడండి. ఆ గొంతు ముక్కని ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకునే పని బంధువర్గమే చూసుకుంటుంది. ఇక్కడి తెలుగు కుటుంబాలకి పెళ్లి సంబంధాలు, కుల సంఘాలు, వాట్సాప్ గుంపులు అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ స్ట్రీమర్‌కీ అంత పట్టు ఉండదు.

కళ్లెదుట నిలబెట్టడం

కోయంబత్తూరు వాళ్లకి కాగితం మీద నమ్మకం తక్కువ. యంత్రం తిరిగితే నమ్ముతారు. జి.డి. నాయుడు (1893–1974) ఆ ఊరి గుణానికి నిలువెత్తు రూపం. కలంగల్ పల్లెలో పుట్టి, బస్సులు నడిపి, ‘రసంత్’ ఎలక్ట్రిక్ రేజర్ తయారుచేసి, తాను చేసినవీ విదేశాల నుంచి తెచ్చినవీ జనం చూడటానికి ప్రదర్శనగా పెట్టిన మనిషి. ఇవాళ్టికీ ఆ ఊళ్లో ఆయన పేరుతో మ్యూజియం ఉంది, పాత కార్ల మ్యూజియం కూడా ఉంది.

అదే ఊరు ఈమధ్య తెలుగు సినిమా ప్రచారంలో ఒక పెద్ద పని చేసింది. ‘కల్కి 2898 ఏడీ’లో భైరవ నడిపే ‘బుజ్జి’ కారు గుర్తుంది కదా. మహీంద్రా ఇంజినీర్లతో కలిసి దాన్ని తయారుచేసింది కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్. ఆరు టన్నుల బరువు, 34.5 అంగుళాల రిమ్ములు. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో దాన్ని నిజంగా నడిపించి చూపించారు. తర్వాత ఊళ్లు తిప్పారు, నెలాఖరుకి ‘బుజ్జి అండ్ భైరవ’ పేరుతో యానిమేషన్ ఎపిసోడ్లు వదిలారు. జూన్ 27న సినిమా వచ్చేసరికి ఆ కారు ఒక పాత్ర అయిపోయింది. గేమ్ కంపెనీలు నేర్చుకోవలసింది దీని బడ్జెట్ కాదు, దీని వరస. వస్తువు ముందు, కథ తర్వాత. కోయంబత్తూరు దగ్గరి చెట్టిపాళయంలో రేసర్ ఎస్. కరివర్ధన్ పేరు మీద కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. రేసు గేమ్‌కి రెండో భాగం తెచ్చేవాడు పెద్ద మాల్‌లో స్టాల్ పెట్టే బదులు ఆ ట్రాక్ పక్కన ఒక రేసు వారాంతంలో నాలుగు స్టీరింగ్ సెట్లు పెట్టి, నిజమైన ట్రాక్ లాప్ టైమ్‌నీ గేమ్‌లోని లాప్ టైమ్‌నీ పక్కపక్కన రాసిపెడితే ఆ ఊరు దానంతటదే మాట్లాడుకుంటుంది.

ప్రపంచంలో ఈ తరహా ప్రచారానికి పెద్దన్న 2004 నాటి ‘హేలో 2’. ట్రైలర్ చివర ఒక వెబ్ చిరునామా ఒక్క క్షణం మెరిసింది. వెళ్లి చూస్తే తేనెటీగలు పెంచే ఎవరిదో సైట్, ఏదో చెడిపోయినట్టు వింత రాతలు. ఆ రాతల్లోని గుర్తులు విప్పితే ఫలానా చోటి పబ్లిక్ ఫోన్ ఫలానా వేళకి మోగుతుందని తేలింది. జనం వెళ్లి వీధుల్లో ఫోన్లు ఎత్తి కథలో భాగమయ్యారు. విడుదలైన మొదటి 24 గంటల్లో ఆ గేమ్ అమెరికాలో 12.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఎస్టీడీ బూత్‌ల కాలంలో మన దగ్గర ఎవరూ ఇలాంటిది చేయలేకపోయారే అని నాకు ఇప్పటికీ కాస్త బాధ.

తేదీ అనే తలనొప్పి

తిరుమల నాయకుడు మదురైలో 1636లో మహల్ కట్టాడని అందరికీ తెలుసు. ఆయన చేసిన ఇంకో పని ఏడాదికోసారి లక్షల మందిని వైగై ఒడ్డుకి తెస్తోంది. మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని చిత్తిరైకి జరిపి, అళగర్ స్వామి ఉత్సవంతో కలిపాడని చెబుతారు. అంతకు ముందు అళగర్ తేనూరు వైపు వెళ్లేవాడట, దాన్నీ మదురైకి తిప్పాడట. శైవుల పండగ, వైష్ణవుల పండగ ఒకే వరసలోకి వచ్చాయి. కోతలు అయిపోయి చేతులు ఖాళీగా ఉండే కాలం, తేరు లాగడానికి మనుషులు దొరికే కాలం. రెండు గుంపుల్ని ఒకచోట చేర్చడానికి ఆ తెలుగు రాజు ముందుగా సర్దింది క్యాలెండర్‌నే.

గేమ్ విడుదల తేదీలు పెట్టేవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉంటారు. బెల్జియం కంపెనీ లేరియన్ ‘బాల్డర్స్ గేట్ 3’ పీసీ కూర్పుని 2023 ఆగస్టు 31న తేవాలనుకుని, వారం తిరక్కుండా ‘స్టార్‌ఫీల్డ్’ వస్తుండటంతో ఆగస్టు 3కి ముందుకి జరిపింది. వాయిదా వేయడం చూశాం గానీ ముందుకి జరపడం అరుదు. ఆ నాలుగు వారాల్లో దానికి స్టార్‌ఫీల్డ్ పోటీ లేకపోయింది. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ 2019 ఫిబ్రవరిలో ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ ప్రకటించి ఆరేళ్లకు పైగా తీసుకుంది. విడుదల తేదీని మటుకు రెండు వారాల ముందు చెప్పింది. 2025 సెప్టెంబర్ 4న గేమ్ రాగానే స్టీమ్ సహా పెద్ద దుకాణాలన్నీ మొరాయించాయి. చిన్న కంపెనీలు కొన్ని తమ గేముల తేదీల్ని గాభరాగా మార్చుకున్నాయి. ‘జీటీఏ 6’ ట్రైలర్ 2023 డిసెంబర్‌లో ఒక రోజు ముందే లీకైతే రాక్‌స్టార్ వెంటనే తనే విడుదల చేసింది. తొమ్మిది కోట్లకు పైగా వీక్షణలు ఒక్క రోజులో. విడుదల మాత్రం 2025 చివర నుంచి 2026 మేకి, అక్కడి నుంచి 2026 నవంబర్ 19కి జరిగింది. అలా జరిపే స్తోమత అందరికీ ఉండదు.

తమిళనాడులో విడుదల చేసేవాడు మార్చిలో ప్లస్ టూ పరీక్షలు చూసుకోవాలి. ఆ నెలలో ఇళ్లలో ఫోన్లు బీరువాల్లోకి వెళ్తాయి. ఏప్రిల్, మేల్లో మదురై చిత్తిరై తిరునాళ్లలో ఉంటుంది. అది అడ్డంకి కాదు, ఊరంతా రోడ్డు మీద ఉండే వేళ. పొంగల్, దీపావళి సినిమాలవి, చిన్న గేమ్ ఆ జాతరలో తప్పిపోతుంది. ఇంకోటి, తేదీ చెప్పాక నిలబెట్టుకోవడం. బాహుబలి 2 విడుదల రోజు తమిళనాడులో డబ్బు లావాదేవీల పేచీతో తెల్లవారుజాము ఆటలు రద్దయ్యాయి. తలుపు ముందు నిలబడ్డ జనం ఊరుకుంటారా? అదృష్టం కొద్దీ అది బాహుబలి, సాయంత్రానికి అందరూ మరిచారు.

ఇక అమ్మానాన్నల సంగతి. తమిళనాడులో ‘ఆన్‌లైన్ గేమ్’ అంటే ఇంట్లో పెద్దవాళ్లకి ముందు గుర్తొచ్చేది రమ్మీ, అప్పులు. రాష్ట్రం వాటి మీద 2023లో చట్టం తెచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం డబ్బు పందేల గేముల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. కాబట్టి మొదటి వాక్యంలోనే చెప్పాలి: ఇందులో పందెం లేదు, ఖరీదు ఇంత. బ్యాటిల్‌గ్రౌండ్స్ వచ్చినప్పుడు క్రాఫ్టన్ మైనర్లకి రోజుకి మూడు గంటల హద్దు, ఖర్చుకి ఏడు వేల రూపాయల హద్దు పెట్టింది. రోజుకి ఏడు వేలు హద్దా అని నవ్విన తండ్రులు చాలామందే ఉండి ఉంటారు. అయినా పెద్దవాళ్లతో నేరుగా మాట్లాడాలన్న ఆలోచన సరైనదే.

ఇప్పుడు మన దేశంలోంచే ఒక సీక్వెల్ రాబోతోంది. పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020 ఆగస్టులో ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ తెచ్చింది. తమ్ముడి కోసం రాక్షసుల మీదికి వెళ్లే అక్క కథ. 2017లో కిక్‌స్టార్టర్‌లో చందాలు కోరితే చాలినంత రాలేదు, వదలకుండా పూర్తిచేశారు. మొదట కథ ఇంగ్లీషు గొంతులో సాగింది. 2022లో మెరుగుపరిచిన కూర్పు తెచ్చి హిందీ గొంతు చేర్చారు. 2025లో రెండో భాగం ‘రాజీ: కలియుగ’ ప్రకటించారు. పాత ఆటగాళ్లు ఎవరో వాళ్లకి తెలుసు. హిందీ చేర్చినప్పుడు ఎవరు కొత్తగా వచ్చారో కూడా వాళ్ల లెక్కల్లో ఉండే ఉంటుంది. దుర్గ, విష్ణువు కథ చెప్పుకునే గేమ్ అది. ఆ ఇద్దరూ తెలుగులో మాట్లాడితే పీలమేడులో ఎన్ని ఇళ్లు డౌన్‌లోడ్ చేస్తాయో తేల్చడానికి సర్వే ఏమీ అక్కర్లేదు. ఒక అరగంట డెమో తెలుగు గొంతుతో, తమిళ రాతతో వదిలి, విష్‌లిస్ట్‌లో కోయంబత్తూరు సంఖ్య ఎంత కదిలిందో వారం తర్వాత చూసుకుంటే చాలు.